మారిన మనిషికి శాలువా

పోయిన వారం ప్రిస్కిల్లాని విజయనగరం కాలేజీ సెమినార్ హాల్లో, వేదిక మెట్ల దగ్గర వదిలేశాం. ఆమె సంచిలో రెండు ప్రసంగాలున్నాయి. ఒకటి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరసింగరావు కోరి రాయించుకున్నది. పోలీసుల ‘ఆదివారం పిలుపు’ వల్ల నేరాలు ఎంత తగ్గాయో సోషియాలజీ లెక్చరరు నోటితో పలికించే నాలుగు తీపి ముక్కలు. అవి చదివితే ఆమె అన్న ఏసురాజు మీద పన్నెండేళ్లుగా తెరిచి ఉన్న సస్పెక్ట్ షీట్‌ని సోమవారానికల్లా మూసేస్తానని ఆయన మాట ఇచ్చాడు. రెండోది ఎవరూ కోరనిది. మూడు రోజులు కూర్చుని ఆమే రాసుకుంది.

అసలు చిక్కు ఇది. ఏసురాజు పేరు రెండు రిజిస్టర్లలో ఉంది. పాతలైను పేట పోలీస్ స్టేషన్ రిజిస్టర్లోంచి ఆ పేరు పోవడం లేదు. అదే పేటలో ఉన్న బాప్టిస్టు చర్చి రిజిస్టర్లో ఆ పేరు నిలిచేట్టు లేదు. ఎప్పుడో పాత ఇనుము గోదాములో దొంగతనం జరిగితే అనుమానం మీద అతన్ని పట్టుకెళ్లారు. రెండేళ్లకి కోర్టు కేసు కొట్టేసింది. షీట్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్లూ నెలకోసారి ఏ రోజు వీలైతే ఆ రోజు వెళ్లి సంతకం పెట్టి వచ్చేవాడు. మూడు నెలల క్రితం కొత్తగా వచ్చిన నరసింగరావు ప్రతి ఆదివారం పొద్దున్న పదింటికి ముప్పై ఒక్క మందినీ స్టేషన్ ఆవరణలో నిలబెట్టి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. వాళ్లని వదిలేసరికి ఒంటిగంట. చర్చిలో ఆరాధన కూడా పదింటికే. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన ఉంటుంది. వరసగా మూడు బల్లలు తప్పితే సంఘంలోంచి పేరు కొట్టేస్తారు. ఏసురాజుకి రెండు తప్పాయి. మూడోది రేపే. సంఘ పెద్ద జేమ్స్‌గారు ఎర్ర పెన్ను తీసి సిద్ధంగా పెట్టుకున్నారని తల్లి దేవమణి నాలుగు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

ఇక ప్రిస్కిల్లా మెట్లెక్కింది. వెనక గోడకి కట్టిన ఫ్లెక్సీ మీద ‘నేరాలకు కారణాలు - నివారణ మార్గాలు’ అని ఉంది. దాని కింద ప్రిన్సిపాల్ రంగనాథం, ఆయన పక్కన నరసింగరావు. వాళ్లిద్దరి ముందూ టీపాయ్ మీద మడత విప్పని పచ్చ శాలువా ఒకటి. అది ఎవరికోసమో ఆమెకి తెలియదు. మొదటి వరసలో వర్తక సంఘం వాళ్లు, రెండో వరసలో కానిస్టేబుళ్లు, వెనకంతా డిగ్రీ పిల్లలు. చిట్టచివర, తలుపు పక్కన ఫ్యాక్టరీ నీలం చొక్కాతో ఏసురాజు. సగం షిఫ్టు సెలవు పెట్టి రమ్మని స్టేషన్ వాళ్లే కబురు చేశారట. ఎందుకో అతనికీ చెప్పలేదు.

సంచిలో చెయ్యి పెట్టి, ఏ కాగితం చేతికొస్తే అది తీద్దామనుకుంది ప్రిస్కిల్లా. తీరా పెట్టాక సిగ్గేసింది. ఇలాంటివి చేతికి వదిలేసే సంగతులు కావు. ఎవరూ కోరని తన కాగితాలే చూసి తీసుకుంది.

మొదటి పది నిమిషాలూ పాఠం చెప్పినట్టే చెప్పింది. అందరికీ ఒకే రకం కోరికలు చూపించి, అందుకునే దారి కొందరికే ఉంచితే మిగిలినవాళ్లలో కొందరు అడ్డదారి వెతుక్కుంటారని ఒక సిద్ధాంతం. వంటా సైకిలూ నేర్చుకున్నట్టే నేరం కూడా స్నేహితుల దగ్గర నేర్చుకునేదేనని ఇంకోటి. వర్తక సంఘం వాళ్లకి అప్పుడే ఆవలింతలు మొదలయ్యాయి. నరసింగరావు బుద్ధిగా తల ఊపుతున్నాడు. తన కార్యక్రమం మాట ఎప్పుడొస్తుందా అని ఆయన ఎదురుచూపు.

ప్రిస్కిల్లా కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

“చిన్న పని చేద్దాం. చిన్నప్పుడు ఎవరిదో జీడితోటలో దూరి పళ్లు కోసుకున్నవాళ్లు చెయ్యెత్తండి.”

హాలు నవ్వింది. ఎవరూ ఎత్తలేదు. గ్లాసుల ట్రే పట్టుకుని గోడ వారగా నిలబడ్డ అటెండరు లక్ష్మణమ్మ ట్రే కింద పెట్టి మరీ చెయ్యెత్తింది. “ఒక్కసారేటి మేడమ్, ఏటా కోసీవోళ్లం” అంది. దాంతో వెనక వరసల్లో చేతులు లేచాయి. విశాఖ ప్యాసింజర్లో టికెట్ లేకుండా ఎక్కినవాళ్లని అడిగేసరికి కానిస్టేబుళ్లలోనూ ఇద్దరు ఎత్తారు. ఆఫీసు కాగితాలూ, సుద్దముక్కలూ ఇంటికి పట్టుకెళ్లిన లెక్చరర్లని అడిగితే స్టాఫంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బిల్లు లేకుండా సరుకు అమ్మినవాళ్లు అనగానే మొదటి వరస మొత్తం కిటికీల వైపు చూసింది. నరసింగరావు చెయ్యి కూడా ఏ ప్రశ్నకో భుజం దాకా లేచి, మీసం సవరించుకుని దిగిపోయింది.

“చూశారా, ఇంతమందిమి చేశాం. ఎవరి పేరూ ఎవరూ రాసుకోలేదు కాబట్టి మనం లెక్చరర్లమయ్యాం, వ్యాపారస్తులమయ్యాం, పోలీసులమయ్యాం. రాసుకుని ఉంటే?” అని అడిగింది ప్రిస్కిల్లా.

నవ్వులు ఆగాయి. అక్కణ్నించి ఆమె గొంతు మారింది. మనుషులు నేరం ఎందుకు చేస్తారని అందరూ అడుగుతారు గానీ, ఇన్ని అవకాశాలుండి కూడా ఎక్కువమంది ఎందుకు చెయ్యరని ఎవరూ అడగరని చెప్పింది. ఇల్లు పట్టుకుంటుంది, పని పట్టుకుంటుంది, బడో చర్చో పట్టుకుంటుంది. నా మీద నలుగురు ఆశ పెట్టుకున్నారన్న ఎరుక మనిషిని పట్టుకుంటుంది. ఆ పట్టు ఊడదీసి నేరాలు తగ్గించిన ఊరు ఎక్కడా లేదని గట్టిగానే అంది. ఆదివారం పిలుపు వల్ల ఇద్దరు కూలీలకి పని పోయింది. ఆదివారం షిఫ్టుకి రాని మనిషి నాకెందుకని మేస్త్రి తీసేశాడు. ఇంకొకతను చర్చిలో పదేళ్లుగా డోలక్ వాయిస్తున్నాడు. మూడు నెలలుగా ఆ డోలక్ గోడకి వేలాడుతోంది.

ఇదంతా ఎవరి గురించో చెప్పలేదు. చెప్పనవసరం లేదు. వెనక తలుపు దగ్గర ఏసురాజు తల వంచుకుని చొక్కా బొత్తాం తిప్పుకుంటున్నాడు.

నరసింగరావు మైకు అందుకున్నాడు. ఆయన కోపిష్టి మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. కోప్పడే మనిషి నోరు జారతాడు. ఈయన నవ్వుతూ మాట్లాడతాడు. “మేడమ్ పుస్తకాలు చదివారు, మేం పేటలు చదువుతాం” అన్నాడు. ఈ మూడు నెలల్లో పాతలైను పేట చుట్టుపక్కల దొంగతనాలు తొమ్మిది నుంచి నాలుగుకి దిగాయని, దీనికి ఏ సిద్ధాంతం సమాధానం చెబుతుందో చెప్పమన్నాడు. మొదటి వరస చప్పట్లు కొట్టింది.

“ఆ నాలుగు దొంగతనాల్లో మనుషులు దొరికారా సార్?” అంది ప్రిస్కిల్లా.

దొరికారన్నాడు.

“మీరు పిలిచే ముప్పై ఒక్క మందిలో వాళ్లు ఎంతమంది?”

నరసింగరావు గ్లాసు ఎత్తి మంచినీళ్లు తాగాడు. కానిస్టేబుళ్లలో ఒకడు కొత్తవాడనుకుంటాను, “ఒక్కడూ లేడండి” అనేశాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు కానీ అప్పటికే హాలంతా వినేసింది.

“అంతకుముందు తొమ్మిదిలో?”

ఈసారి ఆ కొత్త కానిస్టేబుల్ టోపీ సర్దుకుని నేల చూపులు చూశాడు.

“అంటే దొంగలు బయట తిరుగుతుంటే మీరు వేరేవాళ్ల పేర్లు పిలుస్తున్నారు. మనిషికి ఒక పేరు పెట్టి, వారం వారం ఆ పేరుతోనే పిలిచి, ఎన్నాళ్లు మంచిగా ఉంటాడో చూద్దామని కూర్చుంటే దాన్ని నివారణ అనరు సార్. నేరాలు తగ్గాలంటే మూసెయ్యాల్సిన షీట్లు ముందు మూసెయ్యండి. వాళ్లని పనికి పిలవండి, ఫైలుకి కాదు.”

పిల్లలు బల్లలు చరిచారు. రంగనాథంగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఆమెకి ఎమ్మేలో గురువు ఆయనే. ఈ ఉద్యోగం వేయించిందీ ఆయనే. ఆయన తల ఎత్తకపోవడం ప్రిస్కిల్లాకి వింతగా అనిపించింది.

నరసింగరావు కూడా చప్పట్లు కొట్టాడు. తర్వాత తన పక్కనున్న తోలు సంచిలోంచి పాత ఫైలు తీసి, మధ్యలో గుర్తు పెట్టుకున్న ఒక కాగితం బయటికి లాగాడు.

“మేడమ్ చెప్పింది నిజమే. కేసు పోయాక షీట్ ఉంచకూడదు. ఉంచాలంటే ఒక ఆధారం ఉండాలి. అప్పటి ఇన్‌స్పెక్టర్ గాల్లో రాయలేదు. మీ కాలేజీ నుంచి వచ్చిన ఆధారం మీదే ఉంచారు. ఈ దస్తూరీ ఎవరిదో మీరే చెప్పండి.”

కాగితం ఆమె ముందు పెట్టాడు. అచ్చు ఫారం. పైన కుడివైపు మూలలో నంబరు ఒకటి. నీలం సిరా. ‘ఏ’ అక్షరాన్ని కిందికి సాగదీసి రాసే అలవాటు ఆమెకి ఇప్పటికీ పోలేదు.

ఎమ్మే చివరి ఏడు. పాతలైను పేటలో రెండు వందల నలభై ఇళ్ల సర్వే. ఎవరింటికైనా వెళ్లే ముందు మీ ఇంటి మీదే ఒక ఫారం నింపి చూసుకో, ఏ ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుస్తుందని రంగనాథం సార్ చెప్పారు. మంచి సలహానే. మంచి విద్యార్థి కాబట్టి నింపింది. మిగతా ఇళ్ల ఫారాల్లో ఎక్కడా పేర్లు లేవు, నంబర్లే. ఇది లెక్కలోకి రాని సాధన ఫారం కదా, చూసి చింపేసేదే కదా అని ఇందులో మాత్రం పేర్లు రాసింది. ఊళ్లోవాళ్ల పరువంతా భద్రంగా దాచి, సొంత ఇంటిని బట్టబయలు చేసుకుంది. ఇలాంటి తప్పు చదువుకున్నవాళ్లే చెయ్యగలరు.

తండ్రి: మరణించారు. చదువు మధ్యలో ఆపినవారు: ఏసురాజు, అన్నయ్య. స్నేహాలు: అనుమానించదగినవి. పోలీస్ కేసు: ఉంది. కుటుంబంలో నేరం వైపు మొగ్గే అవకాశం ఎవరికి ఎక్కువ? అన్నయ్యకి. ఎందుకు? దానికి నాలుగు లైన్లు. అప్పుడే నేర్చుకున్న సిద్ధాంతాలన్నీ వరసగా ఉన్నాయి. ఇందాక హాల్లో చెప్పినవే.

“నాదే” అంది ప్రిస్కిల్లా. అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. రంగనాథంగారి వైపు తిరిగి, “సార్, ఇది స్టేషన్‌కి ఎలా వెళ్లింది?” అని అడిగింది.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. సర్వే కాగితాలు ఒకసారి చూసి ఇస్తామని అప్పటి అధికారులు అడిగారనీ, మంచి పనికే కదా అని కట్ట కట్టి పంపాననీ, అడుగున ఏమున్నదో చూసుకోలేదనీ అన్నారు. అది నిజమే అయ్యుంటుంది. ఈ దేశంలో చాలా జీవితాలు ఇలా చూసుకోకపోవడం వల్లనే పాడవుతుంటాయి.

నరసింగరావు గొంతు మెత్తబడింది. గెలిచానని తెలిసిన మనిషి మెత్తదనం అది. జరిగిందేదో జరిగింది, మనం మనం కొట్టుకోవడం దేనికి అన్నాడు. మేడమ్ చెప్పిన సిద్ధాంతాలు పుస్తకాల వరకేనని ఒక్క మాట అనేస్తే చాలు, అసలు కార్యక్రమంలోకి వెళ్దామన్నాడు. టీపాయ్ మీద శాలువా మడత విప్పాడు. ‘మారిన మనిషి’ పేరుతో ఏటా ఒకరికి సన్మానం చెయ్యాలని నిర్ణయించామనీ, తొలి సన్మానం పాతలైను పేట వాసి ఏసురాజుకనీ మైకులో ప్రకటించాడు. సోమవారానికి షీట్ ఉండదని కూడా అందరి ముందే అన్నాడు.

ఏసురాజు నడిచి వచ్చాడు. హాలు మధ్యదారి పొడుగునా అతని బూట్ల చప్పుడు వినిపించింది. వేదికెక్కి శాలువా వైపు చూడలేదు. చెల్లెలి ముందున్న కాగితం తీసుకుని, మొదటి లైను నుంచి చివరి లైను దాకా పెదవులు కదుపుతూ చదివాడు. ఫ్యాక్టరీ కొలిమి దగ్గర పనిచేసే మనిషి కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి, అందుకని ఏమీ తెలియలేదు. చదివాక దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఫైలు కాగితం తీసుకెళ్లకూడదని కానిస్టేబుల్ ఎవరో అనబోయి మానేశాడు.

నరసింగరావు శాలువా భుజాల దాకా తెచ్చాడు. ఏసురాజు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“ఒద్దండి బాబూ. మారిన మనిసంతన్నారు. ఏటి నుంచి మారినాను నాను? దొంగతనం సేసినోడు మానేస్తే మారినాడంతారు. నాను సెయ్యనే లేదు. కోర్టోరు కూడా అదే సెప్పినారు. ఇది కప్పుకుంతే పన్నెండేళ్లూ దొంగనేనని నా నోటితో నాను ఒప్పుకున్నట్టే కదా.”

“షీట్ పోతుంది ఏసురాజూ, ఆలోచించుకో” అన్నాడు నరసింగరావు నెమ్మదిగా.

“పోతే పోయింది, ఉంతే ఉన్నాది. రేపు మాకు బల్ల ఉన్నాది. పదిగంటలకి నాను సర్చిలో ఉంతాను, డోలక్ నా సేతిలో ఉంతాది. మీరు నా పేరు పిలవాలంతే అక్కడికి రండి. పలుకుతాను.”

గోడ వారగా లక్ష్మణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ మాట వింటూంటే ప్రిస్కిల్లాకి గర్వంతో ఏడుపొచ్చింది. ఆ గర్వానికి తనకి హక్కు లేదని కూడా అదే క్షణంలో తెలిసింది.

ఆమె మైకు ముందుకి వెళ్లింది. నేర్చిన భాషంతా ఎక్కడికో పోయి, పేట మాటే నోట్లోకొచ్చింది.

“నాను సెప్పిన దాంట్లో ఒక్క ముక్క ఎనక్కి తీసుకోను సార్. ఆ ఫారం నానే రాసినాను. సిద్ధాంతం తప్పు కాదు, దాన్ని ఒక మనిసి పేరు మీద రాయడం తప్పు. ఆ తప్పు నాది. మీరు సేస్తన్నది కూడా అదే తప్పు. కాపోతే నాను ఒకసారి సేసినాను, మీరు వారం వారం సేస్తన్నారు.”

నరసింగరావు నవ్వు అప్పుడు పోయింది. శాలువా మళ్లీ మడతపెట్టాడు, చాలా శ్రద్ధగా, అంచుకి అంచు కలిపి. ఫోను తీసి స్టేషన్‌కి చేశాడు. మైకు కట్టేయడం మరిచిపోయాడో, కావాలనే ఉంచాడో గానీ ఆయన చెప్పిన మాట చివరి వరస దాకా వినిపించింది. రేపు పిలుపు స్టేషన్ దగ్గర కాదు. రిజిస్టర్ తీసుకుని బాప్టిస్టు చర్చి గేటు ముందుకి వెళ్లండి. ముప్పై ఒక్క మందినీ పదింటికి అక్కడికే రమ్మని ఇంటింటికీ కబురు పెట్టండి.

ఎర్ర పెన్ను పట్టుకున్న జేమ్స్‌గారు, బల్ల సమయంలో చర్చి గేటు ముందు పోలీస్ జీపు, లోపలికి చూస్తూ నిలబడ్డ ముప్పై మంది. వాళ్ల మధ్య నుంచి నడిచి లోపలికి రావలసిన అమ్మ. ప్రిస్కిల్లాకి కళ్లకి కట్టినట్టు కనిపించింది. సంఘం ఏసురాజుని ఉంచుకుందామని అనుకున్నా, ఈ దెబ్బకి ఉంచుకోదు. నరసింగరావు లెక్క అదే.

సభ ముగిసి ఆమె బయటికొచ్చేసరికి ఏసురాజు స్కూటర్ల షెడ్డు దాటి, పేట మీదుగా వెళ్లే గరివిడి ఆటోలు ఆగే చోట నిలబడ్డాడు. ఆమెని చూసి ఎక్కబోయిన ఆటో వదిలేశాడు. పక్కన వచ్చి నిలబడింది. క్షమించమని అడగడం కూడా సుఖంగా తప్పించుకోవడం లాగే అనిపించింది.

ఏసురాజు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

“ఒక్కటే అడుగుతాను పిల్లా. పరీచ్చ కోసం రాసినావా, నమ్మి రాసినావా?”

పరీక్ష కోసమని చెప్పొచ్చు. ఇరవై రెండేళ్ల పిల్ల, సార్ చెప్పిందని రాసేసిందని చెప్పొచ్చు. ఆ మాటకి అన్నయ్య నవ్వేసి తల మీద ఒకటి మొట్టి ఊరుకుంటాడు. కానీ ఆ రోజు ఫారం నింపుతూ కిటికీలోంచి చూస్తే, ఏసురాజు గుమ్మంలో కూర్చుని ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. అప్పుడు ఆమె ఏమనుకుందో ఆమెకి బాగా గుర్తుంది.

“నమ్మి రాశాను అన్నయ్యా” అంది.

అతను తల ఊపాడు. రెండో ఆటో వచ్చి ఆగింది.

“అయితే రేపు బల్లకి ముందు సాచ్యాలు సెప్పమంతారు కదా. అప్పుడు నువ్వు లెగు. ఈ కాగితం నీ సేతికిస్తాను. అమ్మ ముందు, జేమ్స్‌గారి ముందు, గేటు కాడున్న పోలీసోల ముందు, మా ముప్పై మంది ముందు, మొదట్నుంచి సివరిదాకా సదువు. నమ్మే రాసినానని కూడా సెప్పు.”

ప్రిస్కిల్లా రేపటి గురించి ఆలోచించింది. ఆ కాగితం చదివితే కాలేజీ సర్వే పోలీసులకి చేరిందని పేటంతా తెలుస్తుంది. పోయేది ఆమె ఉద్యోగం ఒక్కటే కాదు. చదువుకున్న కూతురని పేటంతా చెప్పుకునే దేవమణి, తన కొడుకుని దొంగని చేసిందెవరో ఆ క్షణందాకా ఎరగని దేవమణి, మొదటి బెంచీలోనే కూర్చుని ఉంటుంది.

“చదువుతాను” అంది.

ఏసురాజు ఆటో ఎక్కి పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు. ఆమె ఇంకా కాలు పైకి పెట్టలేదు, ఫోను మోగింది. దేవమణి. జేమ్స్‌గారు ఇంటికొచ్చి కూర్చున్నారనీ, రేపటి పిలుపు కబురు తెచ్చిన పోలీసోలు ఏదో పాత కాగితం గురించి చెప్పి వెళ్లారనీ, ఏసురాజు గురించి అందులో ఎవరో రాశారట, వాళ్లెవరైనా సరే ఆ చేతులు పడిపోవాలని ఇప్పుడే ప్రార్థన చేశాననీ, తల్లి ఒక్క గుక్కలో చెబుతోంది.